ఆలస్యంగా వచ్చినవాడి కూలి

మిరప ఏరే కాలం వచ్చిందంటే దుమ్ముగూడెం, చర్ల వైపు గోదావరి ఒడ్డు చేలల్లో ఛత్తీస్‌గఢ్ నుంచి దిగిన కూలీల గుడారాలు లేస్తాయి. ఇటు ఖమ్మంలో తెల్లారేసరికే అడ్డా నిండుతుంది. మేస్త్రీ ముందు పిలిచేది వయసులో ఉన్నవాళ్ళను. పొద్దెక్కాక మిగిలేది ముసలివాళ్ళు, బక్కపలచని మనుషులు, చంకన బిడ్డ ఉన్న తల్లులు. వాళ్ళు బద్ధకస్తులేం కారు. ఎవరూ పిలవలేదు, అంతే.

మత్తయి సువార్త 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట యజమానిని ప్రసంగాలకన్నా ఆ అడ్డాయే నాకు బాగా చూపించింది. పొద్దున్నుంచీ ఎండలో మాడినవాడికీ, సాయంత్రం ఐదింటికి తోటలో అడుగుపెట్టినవాడికీ ఒకటే దేనారం. ఆ రోజుల్లో అది ఒక దినం కూలి, ఒక ఇంటి తిండి. గంటసేపే పనిచేసినవాడి పిల్లలకు గంటసేపే ఆకలి వేయదు కదా! యజమాని చూసింది ఆ ఇంటి కంచాలను.

ఈ కథ చూపించి, కూలి పెంచమన్నవాళ్ళను అసూయపరులనే ఆసాములూ ఉన్నారు. అది ఒట్టి దబాయింపు. తునికాకు కట్టకు రేటు పెంచమనడం న్యాయం అడగడమే. తోట యజమాని ఒప్పుకున్న కూలిలో ఎవరికీ పైసా తగ్గించలేదు, కొందరికి ఎక్కువిచ్చాడు. పొద్దున వచ్చినవాళ్ళ బాధల్లా సాయంత్రం వచ్చినవాళ్ళు తమతో సమానమైపోయారనే.

ఆ సణుగుడు మా సంఘాల్లోనూ వినిపిస్తుంది. గోదావరిలో పడవల రాకపోకల కోసం పనులు చేయించిన ఇంజనీరు హేగ్ పూనికతో, 1860ల మొదట్లో చర్చి మిషనరీ సొసైటీ దుమ్ముగూడెంలో కోయల మధ్య పని మొదలుపెట్టింది. తర్వాత వచ్చిన జాన్ కెయిన్ లూకా సువార్తను కోయ భాషలోకి తెచ్చాడు. 1912లో అజరయ్య దోర్నకల్‌కు తొలి బిషప్ అయ్యాడు. ఇంత చరిత్ర ఉన్నచోట పాత కుటుంబాలకు కాస్త బిగువు ఉంటుంది. తాత బాప్తిస్మం తీసుకున్న సంవత్సరం అడక్కుండానే చెబుతాం. నిన్నగాక మొన్న విశ్వాసంలోకి వచ్చిన గుత్తికోయ కుర్రాడు లేచి ప్రార్థిస్తే సంఘమంతా కళ్ళు తుడుచుకుంటుంది. మనం ప్రార్థిస్తే గడియారం చూసుకుంటారు. హైదరాబాద్‌లో పెద్ద కార్లో తిరిగే ప్రసంగీకుణ్ణి చూసి మనకు ఇంత మంట ఉండదు. మనం ఓర్వలేనిది ఒకే చాప మీద పక్కన కూర్చున్నవాణ్ణే.

కెయిన్ కోయలోకి తెచ్చిన ఆ లూకాలోనే తప్పిపోయిన కుమారుడి అన్న ఉన్నాడు. పొలం నుంచి వస్తూ విందు చప్పుడు విని, లోపలికి రానని బయటే నిలబడ్డాడు. తండ్రిదంతా అతనిదే. అయినా తనకు దక్కని మేకపిల్ల దగ్గరే అతని లెక్క ఆగిపోయింది. కొడుకై ఉండి, ఇన్నేళ్ళ చాకిరీకి ఏమిచ్చావని జీతగాడిలా అడిగాడు. అసూయ ఇలాగే పనిచేస్తుందనుకుంటాను. తమ్ముడి విందు ఆగలేదు, తండ్రి మాత్రం అన్న కంటికి యజమానైపోయాడు.

ఎవరు ముందు, ఎవరు తర్వాత అని తేల్చడానికి ప్రభుత్వానికి ఒక తేదీ కావాలి, కాదనను. అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13ను గీతగా పెట్టింది. పోడు చేసుకునే గిరిజనుడు అంతకుముందు నుంచే ఆ భూమిలో ఉండాలి. ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం గొడవలకు తాళలేక ఆ తర్వాత సరిహద్దు దాటి వచ్చిన కుటుంబాలు గీతకు అవతలే మిగిలాయి. వాళ్ళలో కొందరు ఆదివారం మన గుడికి వస్తారు. సంఘం రిజిస్టరులోనూ బాప్తిస్మం తేదీలుంటాయి. కమిటీలో ఎవరుండాలి, సమాధుల దొడ్డిలో ఎవరికి చోటివ్వాలి అన్న మాట వచ్చినప్పుడు మన వేలు మెల్లగా ఆ తేదీల మీదికే పోతుంది.

ఈసారి కమిటీకి ఆ గుత్తికోయ కుర్రాడి పేరు నేనే చెబుదామనుకుంటున్నాను. అందరూ చేతులెత్తితే నా కడుపులో ఏమవుతుందో చూడాలి.