53 మందిలో ఒకడివి కావాలంటే

అల్లుడూ,

"మావయ్యా, డ్రాఫ్ట్‌లో పేరు రాని నాలాంటివాడికి జట్టులో చోటు దొరుకుతుందా?" అని అడిగావు. దొరుకుతుంది. ఏటా కొందరికి దొరుకుతూనే ఉంది. కాకపోతే అది దొరికే దారి నువ్వు అనుకుంటున్న దారి కాదని నాకు అనిపిస్తోంది. జులై చివర్లో క్యాంపు మొదలైతే నీకు ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. అందుకే నా మనసులో ఉన్నది ఇప్పుడే చెప్పేస్తున్నాను. ఇది మీ అమ్మానాన్నా కూడా చదువుతారు. నీకు తెలిసిన సంగతులే అయినా వాళ్ల కోసం విడమరిచి చెబుతాను, విసుక్కోకు. డ్రాఫ్ట్ అంటే కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకోవడం.

ముందు లెక్క చూద్దాం. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 32 జట్లు. వేసవిలో ఒక్కో జట్టు 90 మందిని పెట్టుకోవచ్చు. ఆగస్టు నెలాఖరుకి ఆ 90ని 53కి దించాలి. అంటే 2,880 మందిలో 1,696 మంది మిగులుతారు, దాదాపు 1,200 మంది పేర్లు ఆ జాబితాల్లోంచి పోతాయి. ఇదివరకు ఈ కోత విడతలుగా పడేది. 2023 నుంచి గడువు ఒక్కటే. ఇది నీలాంటివాళ్లకు మేలు చేసిన మార్పు. మూడు ప్రీ సీజన్ ఆటలూ అయ్యేదాకా జట్టు నిన్ను అట్టిపెట్టుకోవడానికి వీలుంది, నీ సత్తా చూపడానికి అంత వ్యవధి ఉంది.

ఆ 53లోనూ అన్ని చోట్లకూ పోటీ ఉండదు. నువ్వు ఆడేది సేఫ్టీ, డిఫెన్స్‌లో అందరికంటే వెనక నిలబడే స్థానం. ఒక జట్టు సాధారణంగా నలుగురు, మహా అయితే అయిదుగురు సేఫ్టీలను ఉంచుకుంటుంది. మొదటి ఇద్దరు ముగ్గురెవరో క్యాంపు మొదలవకముందే అందరికీ తెలుసు. డ్రాఫ్ట్‌లో తెచ్చుకున్న కుర్రాడి మీద జట్టు డబ్బూ పెట్టింది, పేరూ పెట్టింది. అతనూ నువ్వూ సమానంగా ఆడితే అతన్నే ఉంచుకుంటారు. దాన్ని అన్యాయమని తలుచుకుంటూ కూర్చుంటే నీకు వచ్చేదేమీ లేదు. నీకు మిగిలింది నాలుగో చోటో అయిదో చోటో. దానికోసం నువ్వూ, నీతోపాటు మరో ముగ్గురు నలుగురూ.

ఇక్కడే అసలు మాట చెప్పాలి. ఆ ఆఖరి చోటు అందరికంటే గొప్ప సేఫ్టీకి దొరకదు. అందరికంటే ఎక్కువ పనులకు పనికొచ్చేవాడికి దొరుకుతుంది.

ఎందుకంటే ఆట రోజున ఆ 53 మందీ బరిలోకి దిగరు. మామూలుగా 48 మందికే అనుమతి. అయిదో సేఫ్టీని బెంచీ మీద కూర్చోబెట్టడానికి ఏ కోచ్‌కూ చోటు మిగలదు. కోత ముందు రాత్రి కోచ్‌లు గదిలో కూర్చుని వేసుకునే ప్రశ్న ఒకటే: ఆదివారం ఈ కుర్రాడు మనకు ఎక్కడెక్కడ పనికొస్తాడు? ఆ ప్రశ్నకు జవాబు స్పెషల్ టీమ్స్‌లో, అంటే బంతిని తన్నే ప్లేలు ఆడే దళాల్లో ఉంది. కిక్‌ఆఫ్ కొట్టాక బంతి పట్టినవాడి మీదికి ఉరికేది, మనవాడు పట్టినప్పుడు దారి చేసేది, పంట్‌కి, అంటే బంతిని ఎదుటివాళ్లకు దూరంగా తన్నేటప్పుడు, కాపు కాసేది, ఎదుటివాళ్ల పంట్‌ని ఎదుర్కొనేది. ఈ నాలుగు పనుల్లో మూడింటికి నీ పేరు రాసుకోగలిగితే నిన్ను తీసెయ్యడానికి ఆ కోచ్‌కి చెయ్యి రాదు. పెళ్లింట్లో ఏ పని చెప్పినా కాదనకుండా అందుకునే మనిషిని అందరూ పేరు పెట్టి పిలుచుకుంటారే, క్యాంపులో నువ్వు ఆ మనిషివి కావాలి.

అది చిన్న పనని ఎవరైనా అంటే మ్యాథ్యూ స్లేటర్ పేరు చెప్పు. 2008లో అయిదో రౌండ్‌లో పేట్రియట్స్‌కి వచ్చాడు. రిసీవర్ అని రాసుకున్నా, తన ఆట జీవితం మొత్తంలో అతను అందుకున్న పాస్ ఒక్కటే. కానీ కిక్‌ల వెంట పరుగెత్తే పనిలో 16 సీజన్లు నిలబడ్డాడు, 10 సార్లు ఆల్‌స్టార్ ఆట ప్రో బౌల్‌కి ఎంపికయ్యాడు, లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ మూడుసార్లు గెలిచాడు. కాలేజీలో నువ్వు మొదటి వరుస ఆటగాడివి. కిక్‌ఆఫ్‌లో పరుగెత్తి చాలాకాలమైంది. అందుకే చెబుతున్నాను, స్పెషల్ టీమ్స్ మీటింగ్ అంటే ముందు వరుసలో కూర్చో. ఆ కోచ్ చెప్పేది రాసుకో. మీటింగ్ అయ్యాక కూడా రెండు ప్రశ్నలు అడుగు. నీ కోసం ఆ గదిలో వాదించే మనిషి ఆయనే అవుతాడు.

రెండోది ప్లేబుక్, అంటే జట్టు ఎత్తుగడల పుస్తకం. ఆటలో చురుకుదనం లేక ఇంటిదారి పట్టేవాళ్లకంటే, ఎక్కడ నిలబడాలో తెలియక పట్టేవాళ్లు తక్కువేమీ కాదు. జేమ్స్ హారిసన్ సంగతి చూడు. 2002లో డ్రాఫ్ట్ కాకుండా స్టీలర్స్‌కి వచ్చాడు. బలానికి లోటు లేదు గాని మొదట్లో ప్లేబుక్ పట్టుబడలేదు. ఆ జట్టు అతన్ని తీసెయ్యడం, మళ్లీ పిలవడం ఒకటికి రెండుసార్లు జరిగింది. మధ్యలో వేరే జట్టూ వద్దంది. ఆ చదువు ఒంటబట్టాక 2008లో లీగ్ మొత్తానికీ ఉత్తమ డిఫెన్స్ ఆటగాడు అయ్యాడు. డ్రాఫ్ట్ కానివాడికి ఆ గౌరవం దక్కడం అదే మొదలు. నువ్వు ఫ్రీ సేఫ్టీకి, స్ట్రాంగ్ సేఫ్టీకి, వెనక వరుసలో అయిదోవాడైన నికెల్‌కి, మూడింటికీ చదువుకో. పక్కవాడు ఎక్కడుండాలో కూడా తెలిసి ఉండాలి.

తప్పు చేస్తే కుంగిపోకు. ఒకే తప్పు రెండోసారి చెయ్యకుండా చూసుకో. మాల్కమ్ బట్లర్ పేరు నీకు కొత్త కాదు. మీ అమ్మానాన్నల కోసం చెబుతాను. 2014లో డ్రాఫ్ట్ కాలేదు, ట్రయౌట్‌కని పిలిస్తే వెళ్లి పేట్రియట్స్‌లో చోటు సంపాదించుకున్నాడు. ఆ సీజన్ సూపర్ బౌల్‌కి ముందు ప్రాక్టీసులో గోల్ లైన్ దగ్గర ఒక ఎత్తుగడకు దొరికిపోయాడు. 2015 ఫిబ్రవరి 1న అసలు ఆటలో, ఆఖరి నిమిషంలో ప్రత్యర్థి సీహాక్స్ అదే ఎత్తుగడ వేశారు. ఈసారి అతను ముందే కనిపెట్టి బంతిని లాగేసుకున్నాడు, కప్పు పేట్రియట్స్‌ది అయింది. ప్రాక్టీసులో దొరికిపోవడమే అతన్ని కాపాడింది.

మూడోది, నీకు వచ్చే అవకాశాలు తక్కువ. మూడో దళంతో రోజుకి కాసిని ప్లేలు ఆడనిస్తారు. కానీ ప్రతి ప్లే కెమెరాలో పడుతుంది. ప్రీ సీజన్ ఆటలనైతే మీ కోచ్‌లే కాదు, మిగతా 31 జట్లవాళ్లూ చూస్తారు. బంతి నీ వైపు రాలేదని నడిచావంటే ఆ నడక కూడా అందులో ఉంటుంది. ఆట చేజారిపోయాక, నాలుగో క్వార్టర్‌లో, స్టేడియం సగం ఖాళీ అయ్యాక నిన్ను దింపుతారు. నీ మూడేళ్ల భవిష్యత్తు అప్పుడే తేలవచ్చు.

ఇక ఒంటి సంగతి. తొడ పట్టేసిందని క్యాంపులో పది రోజులు కూర్చుంటే చోటు పోతుందన్నది నిజం. అందుకే నిద్ర, తిండి, నీళ్లు, ఐస్ టబ్బు, వీటిని ఆటతో సమానంగా చూసుకో. కానీ తల విషయంలో నా మాట దాటకు. దెబ్బ తగిలి కళ్లు బైర్లు కమ్మినా, మాట తడబడినా, వెలుతురు చూడలేకపోయినా ఆ నిమిషమే చెప్పెయ్. 2017లో బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు 111 మంది మాజీ ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్ల మెదళ్లు పరిశీలిస్తే 110 మందిలో, తలకి పదేపదే దెబ్బలు తగిలితే వచ్చే సీటీఈ అనే జబ్బు కనిపించింది. అవి ఎక్కువగా అనుమానం ఉన్న కుటుంబాలు ఇచ్చినవి కాబట్టి అందరికీ అదే లెక్క వర్తించదు. అయినా భయపడాల్సినంత ఉంది. చోటు పోతే ఇంకోటి వెతుక్కుందాం. తల ఒక్కటే ఉంది నాన్నా. గాయంతో ఉన్న నిన్ను విడుదల చేస్తూ సెటిల్మెంట్ కాగితం చేతిలో పెడితే, నీ ఏజెంటూ ఆటగాళ్ల సంఘంవాళ్లూ చదవకుండా సంతకం పెట్టకు.

అన్నీ చేసినా ఆ రోజు పేరు లేకపోవచ్చు. ఎవరో వచ్చి "కోచ్ రమ్మంటున్నారు, ప్లేబుక్ పట్టుకురా" అంటారు. ఆ మాట వినపడగానే కథ ముగిసిందనుకోకు. తర్వాత 24 గంటలు వేరే ఏ జట్టయినా నిన్ను వేవర్స్‌లో, అంటే విడుదలైనవాళ్ల జాబితాలోంచి, తీసుకోవచ్చు. కిందటేడు బాగా ఓడినవాళ్లకు ముందు హక్కు ఉంటుంది, వాళ్లకే మనుషుల అవసరమూ ఎక్కువ. ఎవరూ తీసుకోకపోతే ప్రాక్టీస్ స్క్వాడ్ ఉంది. ఒక్కో జట్టుకీ 16 మంది, విదేశీ ఆటగాడు ఉంటే 17. అక్కడి నుంచి సీజన్‌లో మూడుసార్ల దాకా ఆట రోజుకి పైకి పిలవచ్చు. వేరే జట్టు తన 53లో చోటిస్తానంటే నువ్వు వెళ్లిపోవచ్చు కూడా.

ప్రాక్టీస్ స్క్వాడ్‌ని వెయిటింగ్ రూమ్‌లా చూడకు, ఆడమ్ థీలెన్ దాన్ని బడిగా చేసుకున్నాడు. మిన్నెసోటా స్టేట్ అనే చిన్న కాలేజీ నుంచి 2013లో వైకింగ్స్ ట్రయౌట్‌కి వచ్చాడు. ఆ ఏడాదంతా ప్రాక్టీస్ స్క్వాడే. మరుసటేడు స్పెషల్ టీమ్స్. 2018లో సీజన్ మొదటి ఎనిమిది ఆటల్లోనూ పాస్‌లు అందుకుని వంద గజాలు దాటాడు. కర్ట్ వార్నర్‌ని 1994లో ప్యాకర్స్ క్యాంపు నుంచి పంపేస్తే అయోవాలో కిరాణా దుకాణంలో రాత్రిపూట అరల్లో సరుకులు సర్దాడు. తర్వాత ఎరీనా ఫుట్‌బాల్, యూరప్. 1999లో లీగ్‌లోనే ఉత్తమ ఆటగాడు. అతను ఆడిన ఆ యూరప్ లీగ్ ఇప్పుడు లేదు గాని యూఎఫ్ఎల్ ఉంది, కెనడా లీగ్ ఉంది. అక్కడ ఆడటం చిన్నతనం అనుకోవద్దు.

డబ్బు గురించి మీ నాన్న అడగడానికి మొహమాటపడతాడు, నేను అడుగుతాను. 2025 లెక్కన 53లో ఉన్న రూకీకి ఏడాదికి కనీసం 8,40,000 డాలర్లు, ప్రాక్టీస్ స్క్వాడ్‌లో వారానికి కనీసం 13,000. వినడానికి ఎంతో ఉంది. కానీ అది సీజన్ మొదలయ్యాక వారం వారం వచ్చే డబ్బు, నువ్వు జట్టులో ఉన్న వారానికే. క్యాంపులో ఇచ్చేది చిన్న బత్తెం. పన్నులు, ఏజెంటు వాటా పోయాక మిగిలింది చూసుకో. మొదటి ఏడాది కారు వద్దు, ఇల్లు వద్దు, స్నేహితుల వ్యాపారాల్లో పెట్టుబడి అసలే వద్దు. ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టి, మిగతాది కదిలించకు.

చదువు మాట కూడా చెబుతాను. మనింట్లో అందరూ ఎత్తేది అదే కదా అని మొహం తిప్పుకోకు. కౌబాయ్స్ కిక్కర్ బ్రాండన్ ఆబ్రీ సాకర్ ఆడి, అది కుదరక సాఫ్ట్‌వేర్ ఇంజినీరుగా పనిచేశాడు. అక్కడి నుంచి యూఎస్ఎఫ్ఎల్ అనే చిన్న లీగ్, అక్కడి నుంచి 2023లో కౌబాయ్స్. కెరీర్ మొదట్లో వరసగా 35 ఫీల్డ్ గోల్స్ కొట్టి రికార్డు పెట్టాడు. చేతిలో ఉద్యోగం ఉండటం అతని కలను ఆపలేదు, ఆ కలకి వ్యవధి ఇచ్చింది. నీ డిగ్రీలో మిగిలిన పేపర్లు వచ్చే వసంతానికి పూర్తి చెయ్యి. ఈ ఆటకి ఎన్నేళ్లు ఇస్తావో ఇప్పుడే, మనసు నిబ్బరంగా ఉన్నప్పుడే అనుకో. మూడేళ్లని నా ఉద్దేశం. నీకు వేరే లెక్క ఉంటే అదే రాసి పెట్టుకో. కోత పడిన రాత్రి తీసుకునే నిర్ణయాలు మంచివి కావు.

మన రంగువాళ్లు ఈ ఆటలో ఎవరున్నారని బంధువులు అడుగుతున్నారట. బ్రాండన్ చిల్లర్ తండ్రి భారతీయుడు. ఆ కుర్రాడు 2004లో రామ్స్‌కి వచ్చి తర్వాత ప్యాకర్స్‌కి ఆడాడు. అయినా ఆ ప్రశ్నకి జవాబు చెప్పే బాధ్యత నీ నెత్తిన వేసుకోకు. నువ్వు జాతి పరువు మోయడానికి క్యాంపుకి వెళ్లడం లేదు, పంట్ కవరేజీలో మొదట చేరడానికి వెళుతున్నావు.

చెల్లెమ్మకీ బావగారికీ కూడా ఒక మాట. ఈ అయిదు వారాలూ వాడికి రోజూ ఫోన్ చేసి "ఏమన్నారు, ఉంచుతారా?" అని అడగకండి. ఆ సంగతి వాడికీ తెలియదు, కోచ్‌లకీ ఇంకా తెలియదు. తిన్నావా, పడుకున్నావా అని అడగండి చాలు. 53లో ఉన్నా లేకపోయినా వాడు మనింటి పిల్లాడే అన్న సంగతి వాడికి అనుమానం లేకుండా తెలియాలి. భయం లేనివాడే పూర్తి వేగంతో పరుగెత్తగలడు.

నీకు చోటు వస్తుందని మాట ఇవ్వలేను అల్లుడూ. ఏ రోజు ఎవరికి గాయమవుతుందో, ఏ జట్టు ఎవర్ని వదులుతుందో నీ చేతిలో లేదు. ముందు వరుసలో కూర్చోవడం, మూడు స్థానాలకు చదవడం, ప్రతి ప్లేని చివరిదాకా పరుగెత్తడం, తలకి దెబ్బ తగిలితే దాచకపోవడం, ఈ నాలుగూ పూర్తిగా నీ చేతిలో ఉన్నాయి. ఈ నాలుగూ చెయ్యి. మిగతాది వాళ్లని తేల్చుకోనివ్వు. కోత రోజు సాయంత్రం ఏ కబురైనా సరే, మొదటి ఫోన్ అమ్మకి చెయ్యి, రెండోది నాకు.

చిరంజీవిగా, ఆరోగ్యంగా ఉండు.

నీ మావయ్య