ఈ జలపాతము ఎవరిది?

గృహస్థాశ్రమమున సంతానమును పోషించుట ఒక ధర్మము. ఆ సంతానమునకు లోకమును చూపించుట మరియొక ధర్మము. అన్నము పెట్టుట, విద్య చెప్పించుట, వివాహము చేయుట మొదలగువానిని గూర్చి మన పెద్దలు విస్తారముగా చెప్పియున్నారు. లోకమును చూపించుటను గూర్చి వేరుగా చెప్పవలసిన అవసరము పూర్వము అంతగా కలుగలేదు. ఏలయన, తీర్థయాత్రయే ఆ పనిని నెరవేర్చెడిది. రైలు, బస్సు లేని కాలమున కొండకు పోవు కుటుంబము ఎడ్లబండి కట్టుకొని, బియ్యము, పప్పు, వంటపాత్రలు, చాపలు, దుప్పట్లు అందులోనే వేసుకొని బయలుదేరెడిది. ప్రొద్దు క్రుంకినచోట ఎడ్లను విప్పి, చెట్టు క్రింద మూడు రాళ్లు పెట్టి వండుకొని, బండిలోనో బండి క్రిందనో పిల్లలను పరుండబెట్టెడివారు. దారిలో కనబడిన ఏరు, గుట్ట, తోపు అన్నియు పిల్లలకు పాఠములే. యాత్ర ముగియునప్పటికి పిల్లవాడు దైవమును చూచెను, దేశమును చూచెను, తన తండ్రికి ఎంత ఓపిక కలదో అదియు చూచెను.

నేడు ఆ బండియే మరియొక రూపమున కానవచ్చుచున్నది. పడక, పొయ్యి, నీళ్లతొట్టి, చిన్న బల్ల అన్నియు లోపలనే అమర్చిన మోటారు బండిని పాశ్చాత్య దేశములలో క్యాంపర్ వ్యాను అందురు. 1950లో జర్మనీలో వోక్స్‌వాగన్ వారి వ్యాను వెలువడిన పిమ్మట, ఇట్టి బండిలో కుటుంబసమేతముగా తిరుగు అలవాటు అక్కడి సామాన్య గృహస్థులకు కూడ అందుబాటులోనికి వచ్చినది. ఇప్పుడు అమెరికాలో స్థిరపడిన మన తెలుగు బిడ్డలలోను కొందరు సెలవుదినములలో పిల్లలను అట్టి బండిలో ఎక్కించుకొని అడవులకు, జలపాతములకు పోవుచున్నారు. ఇక్కడనున్న తాతలు, అమ్మమ్మలు ఆ ఛాయాచిత్రములను చూచి సంతోషింతురు. సంతోషించుచునే లోలోపల ఒక సందేహము పడుదురు. "గుడికి తీసుకొనిపోవలసిన పిల్లలను జలపాతానికి తీసుకొనిపోతున్నారే! ఇది యాత్రా, విహారమా?" ఈ సందేహము తేలికగా త్రోసివేయదగినది కాదు.

విహారము – యాత్ర

విహారమునకును యాత్రకును భేదము స్థలములో లేదు, పోవువాని దృష్టిలో కలదు. విహారికి తానే కేంద్రము. "నాకేమి లభించినది? నా డబ్బునకు తగిన సుఖము కలిగినదా?" అని అతడు లెక్కించును. యాత్రికునకు గమ్యమే కేంద్రము. "నేను ఎవరి యెదుట నిలిచితిని? అందుకు తగియున్నానా?" అని అతడు తన్ను తాను ప్రశ్నించుకొనును. పుణ్యక్షేత్రమునకు వచ్చియు గది బాగుగా లేదని, వరుసలో ఆలస్యమైనదని పిల్లల యెదుటనే సణుగుచు, ఎంత త్వరగా దర్శనమైనదో ఊరిలో చెప్పుకొని గర్వించువాడు కొండ ఎక్కినను విహారియే. పేరులేని వాగు ఒడ్డున చెప్పులు విడిచి చేతులు జోడించువాడు అంతమాత్రమున యాత్రికుడగును.

అట్లని ఆలయమును జలపాతమును ఒకటేనని చెప్పుట మా ఉద్దేశము కాదు. అర్చామూర్తియై స్వామి మనకొరకు ఒకచోట నిలిచి, మన అభిషేకమును, మన నైవేద్యమును స్వీకరించుట సౌలభ్యమునకు పరాకాష్ఠ. దానికి సాటి లేదు. అయితే ఆలయములో నేర్చిన వినయము ఆలయము వెలుపల నిలుచునా లేదా అను పరీక్ష లోకములోనే జరుగవలెను. ఆ పరీక్షకు జలపాతము మంచి తావు.

ఒక అడవి కథ

అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రమున సేలం నగరమునకు తూర్పుగా సిల్వర్ ఫాల్స్ అను ఉద్యానము కలదు. 9 వేల ఎకరములకు పైగా విస్తరించిన ఈ అడవిలో సుమారు 7 మైళ్ల కాలిబాట వెంట పది జలపాతములు వరుసగా దర్శనమిచ్చును. వానిలో ప్రసిద్ధమైన దక్షిణ జలపాతము 177 అడుగుల ఎత్తునుండి దుముకుచున్నది. వ్యానులలో వచ్చు కుటుంబములు రాత్రి నిలుచుటకు అక్కడ స్థలము ఏర్పాటై యున్నది. పోర్ట్‌లాండ్ నగర ప్రాంతమున ఎలక్ట్రానిక్సు పరిశ్రమలలో పనిచేయు తెలుగువారికి ఈ ఉద్యానము చాల దూరము కాదు.

ఇక్కడి విశేషమేమన, కొన్ని జలపాతముల వెనుకగా నడచిపోవచ్చును. సుమారు కోటిన్నర సంవత్సరముల క్రిందట ప్రవహించి గడ్డకట్టిన లావా శిల పైన గట్టిగా నున్నది. దాని క్రిందనున్న మెత్తని పొర కాలక్రమమున కరిగి గుహవలె లోపలికి పోయినది. ఆ గుహలో నిలిచి చూచిన ముందు నీటి తెర, తెరకు ఆవల అడవి. ఉత్తర జలపాతము వెనుకనున్న గుహ కప్పులో గుండ్రని రంధ్రములు కనబడును. లావా వచ్చినప్పుడు నిలిచియుండిన చెట్లు నశింపగా, వాని ఆకారములు శిలలో ఖాళీలుగా మిగిలినవి. చెట్టు లేదు, చెట్టు నిలిచిన చోటు కలదు. ఏడెనిమిదేండ్ల బిడ్డకు కాలస్వరూపమును బోధించుటకు ఇంతకంటె మంచి పాఠ్యపుస్తకము దొరకదు.

కాని ఈ స్థలము ఎల్లప్పుడును ఇట్లు పూజ్యముగా లేదు. పూర్వము ఇక్కడి చెట్లను విరివిగా కొట్టివేసిరి. 1920 ప్రాంతములలో ఈ జలపాతము ఒక వ్యక్తి సొత్తుగా నుండినది. అతడు మనిషికి పది సెంట్లు వసూలుచేసి, పాత మోటారుకార్లను ఏటిలో వదలి అవి జలపాతము మీదనుండి క్రింద పడుటను వేడుకగా చూపించెడివాడు. 1928లో ఒక సాహసికుడు డబ్బు కొరకు పడవలో కూర్చుండి అంత ఎత్తునుండి దిగి గాయపడెను కూడ. చూడవచ్చిన జనములో పిల్లలును ఉండియుందురు. వారికి ఆనాడు జలపాతమును గూర్చి ఏ పాఠము అందియుండునో ఊహింపవచ్చును.

అదే కాలమున సమీపమునగల సిల్వర్టన్ పట్టణములో జూన్ డ్రేక్ అను ఛాయాచిత్రకారుడు ఈ జలపాతములను చిత్రములు తీయుచు, వీనిని ప్రజలందరి కొరకు కాపాడవలెనని ఏండ్ల తరబడి ప్రయత్నించెను. 1926లో జాతీయ ఉద్యానముల శాఖ వారు వచ్చి చూచి, నరికిన చెట్ల మోడులు వికారముగా నున్నవని తిరస్కరించిరి. అయినను ప్రయత్నము ఆగలేదు. 1933లో రాష్ట్ర ఉద్యానముగా రూపొందినది. ఆర్థికమాంద్య కాలమున ఉపాధి లేని యువకులు ప్రభుత్వ పథకము క్రింద ఇక్కడ బాటలు వేసిరి, రాతి కట్టడములు నిర్మించిరి. మోడులు నిండిన నేలలో అడవి మరల లేచినది.

ఒకే నీరు. ఒకే శిల. ఒకడు దానిని పది సెంట్ల వేడుకగా చూచెను, మరియొకడు కాపాడదగిన నిధిగా చూచెను. నీటిలో మార్పు లేదు. మార్పు అంతయు "ఇది ఎవరిది?" అను ప్రశ్నకు ఇచ్చిన సమాధానములో కలదు.

శేషత్వము

అట్టి చోట పిల్లవాడు, "నాన్నా, ఈ జలపాతం ఎవరిది?" అని అడుగుట సహజము. "ప్రభుత్వానిది" అని చెప్పిన అది చట్టరీత్యా సత్యము. "మనందరిది" అని చెప్పిన వినుటకు ఇంపు. కాని మనందరిది అనుకొన్న వస్తువును మనము ఎట్లు చూచుచున్నామో రైలు పెట్టెలు, బస్సు స్టాండులు సాక్ష్యమిచ్చును.

శ్రీమద్రామానుజుల సిద్ధాంతము మూడవ సమాధానమును ఇచ్చుచున్నది. చేతనములు, అచేతనములు అన్నియు పరమాత్మకు శరీరము. ఆయన శేషి, సమస్తము శేషము. జీవుడు దేనికిని యజమాని కాడు, తనకు తానును యజమాని కాడు. గీతలో పదియవ అధ్యాయమున భగవానుడు తన విభూతులను చెప్పుచు, ప్రవాహములలో గంగ తానేయని పలికెను. ఆ మాట విన్నవానికి ఏ ప్రవాహమును చూచినను గంగ స్మరణకు రావలెను.

ఈ భావమును తిరుమల ఎంతో సులువుగా పిల్లలకు నేర్పుచున్నది. కొండమీద పూచిన ప్రతి పువ్వు స్వామిదే యని భక్తులు అక్కడ పూలు ధరింపరు. ఇంటివద్ద రోజును జడలో పూలు పెట్టుకొను ఆడపిల్ల కొండమీద మాత్రము ఎందుకు పెట్టుకోరాదని తల్లిని అడుగును. "అవన్నీ స్వామివి, అమ్మా" అని తల్లి చెప్పును. ఆ ఒక్క మాటలో వేదాంతసారము కలదు. అందమైనది కంటబడిన వెంటనే కోసి తనది చేసికొనవలెనను కోరిక సహజము. దానిని చూచి, సంతోషించి, ఉన్నచోటనే ఉంచి వచ్చుట సంస్కారము.

ఆకాశగంగ కథ మనకు తెలిసినదే. భగవద్రామానుజులకు మేనమామయగు తిరుమలనంబి స్వామి అభిషేకమునకై పాపవినాశనమునుండి ప్రతిదినము నీరు మోసెడివారు. వృద్ధుడైన ఆయనను స్వామి వేటగాని రూపమున వెంబడించి, "తాతా!" యని పిలిచి, దాహమడిగి, పిమ్మట దగ్గరలోనే ఆకాశగంగను చూపెను. జలధారవద్ద స్వామి భక్తునితో కలిపిన వరుస తాతామనుమల వరుస. ఆ నీటిని నంబి తనదని అనుకొనలేదు. మోయు భాగ్యము మాత్రము తనదని అనుకొనెను.

బిడ్డలు ఎవరివారు?

ఇక్కడ తండ్రి తన్ను తాను వేసికొనవలసిన కఠినమైన ప్రశ్న ఒకటి కలదు. జలపాతము మనది కాదని బిడ్డకు చెప్పుట సులభము. బిడ్డయు మనది కాదని తనకు తాను చెప్పుకొనుట సులభము కాదు.

వ్యానులో తండ్రి ప్రక్కన కూర్చుండి కనబడిన ప్రతిదానిని గూర్చి ప్రశ్నించు వయస్సు కొద్దికాలమే. రాత్రి అడవిలో వాన బండి కప్పుమీద పడుచుండగా భయపడి తండ్రిని హత్తుకొను వయస్సు ఇంకను తక్కువ. కొన్నియేండ్లలో అదే బిడ్డ స్నేహితులతో పోవుటకు ఇష్టపడును. పిమ్మట తన సంసారము, తన దారి. ఇది తెలిసిన తల్లిదండ్రులు అడుగడుగున చిత్రములు తీసి ఆ దినములను పట్టి నిలుపజూచుచున్నారు. తప్పు కాదు. కాని చిత్రము తీయు తొందరలో బిడ్డ అడిగిన ప్రశ్నకు బదులు చెప్పకున్నచో నిలిచినది చిత్రమే, పోయినది బిడ్డ బాల్యము.

జలపాతము ఈ విషయమున గురువు. నీటిని పట్టి నిలిపిన చెరువగును గాని జలపాతము కాదు. పైనుండి వచ్చినదానిని వచ్చినట్లే క్రిందికి విడుచుటయే దాని శోభ. సిల్వర్ క్రీక్ అను ఆ ఏరు మరికొన్ని నదులలో కలిసి, కొలంబియా నది ద్వారా పసిఫిక్ మహాసముద్రమును చేరుచున్నది. జలపాతము ఎప్పుడును, "ఈ నీరు నావద్దనే యుండవలెను" అని అడుగలేదు. తల్లిదండ్రులును అట్టి శిలలే. స్వామి తమ మీదుగా ఒక జీవుని లోకములోనికి ప్రవహింపజేయుచున్నాడు. గట్టిగా నిలుచుట వారి ధర్మము, పట్టుకొని కూర్చుండుట కాదు. సంతానము నిక్షేపము. దాచుటకు ఇచ్చిన సొమ్మును శ్రద్ధతో కాపాడి, అడిగినప్పుడు అప్పగించువాడే సత్పురుషుడు.

ఆక్షేపణలు

బండికి ఎంత ధనము, ఎంత పెట్రోలు! అడవిని పూజించుటకు అడవికి పొగ చేర్చుట ఏమి న్యాయము? అని కొందరు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. వ్యాను లేకున్న పిల్లలకు లోకము చూపింపలేమనుట భ్రమ. తిరుపతిలో కపిలతీర్థమునకు నడచియే పోవచ్చును. వానకాలమున ఊరి చెరువు అలుగు పారుట చూపించినను చాలును. బండి ఉన్నవాడు అరుదుగా పోయి, ఎక్కువ దినములు ఒకచోట నిలిచి, తెచ్చిన చెత్తను తిరిగి తీసికొనిపోవుట మేలు. తిరుమలలో 2022లో ప్లాస్టిక్ నిషేధించినది ఈ భావముతోనే.

ప్రమాదమును గూర్చి మరియొక ఆక్షేపణ. తడిరాతిమీద కాలు జారి, చిత్రములకై అంచున నిలిచి యువకులు ప్రాణములు పోగొట్టుకొనుటను మన దేశములోను తరచు వినుచున్నాము. అందుకని పిల్లలను ఇంటిలో బంధించుట పరిష్కారము కాదు. కంచె కట్టినచోట తండ్రి తాను ఆగవలెను. "ఒక్క నిమిషమే కదా!" అని తండ్రి కంచె దాటిన, పిల్లవానికి ఆ దినము అందిన పాఠము జలపాతము కాదు, నియమోల్లంఘనము. గర్భగుడి గడప దాటరాదని ఎవరును మనకు కారణములు వివరింపలేదు. పెద్దలు ఆగిరి, మనమును ఆగితిమి.

కర్తవ్యము

కాబట్టి తల్లిదండ్రులు మూడు పనులు చేసిన విహారము యాత్రయగును. జలపాతము ఎదుట కొద్దిసేపు మౌనముగా నిలుచుట మొదటిది. మనసులో భగవన్నామము తలచినచో ఆ హోరు దానికి శ్రుతియగును. ఒక రాయినిగాని, పువ్వునుగాని తేకుండ తిరిగివచ్చుట రెండవది. పిల్లవాడు అడిగిన ప్రశ్నకు సత్యమైన సమాధానము చెప్పుట మూడవది. "ఇది స్వామిది, నాయనా. మనం చూడటానికి వచ్చాం. మన తరువాత వచ్చేవాళ్లకు ఇలాగే ఉంచి పోవాలి" అని చెప్పిన చాలును. ఆ మాట చెప్పునపుడు ప్రక్కనున్న బిడ్డ భుజముపై చేయివేసి, ఇతడును స్వామివాడే యని తండ్రి తనలో తాను తలచుకొనవలెను.

పాదపద్మమునుండి గంగను వెలువరించిన శ్రీనివాసుడు మన పిల్లలకు లోకమును చూచు కన్నులను, మనకు వారిని ప్రేమతో విడువగల మనస్సును అనుగ్రహించుగాక!