తిండి పెడితే సరిపోతుందా?

మేం చదువుకున్న ఆశ్రమ పాఠశాలలో మాస్టారి బల్ల మీదికి ఒకనాడు గుండ్రని గాజు గిన్నె వచ్చింది. అందులో ఒకే ఒక్క చేప. వేలెడంత కూడా లేదు, ఒంటి నిండా నీలి చారలు. జీబ్రా చేప అన్నారు. పోటీపడి మేత వేశాం. అది మాత్రం అడుగునే ఉండిపోయేది. "తిండి పెడుతున్నాం, నీళ్లు మారుస్తున్నాం, ఇంకేం కావాలి దానికి?" అన్నాడు మాలో ఒకడు. ఆ ప్రశ్న మమ్మల్ని ఇప్పటికీ వదల్లేదు.

జీబ్రా చేప పరాయి దేశానిది కాదు. గంగా నది చేపల మీద 1822లో వచ్చిన పుస్తకంలో ఫ్రాన్సిస్ హామిల్టన్ దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. వాగుల్లో, పొలాల పక్క నీళ్లలో గుంపుగా బతుకుతుంది. మా గెడ్డల్లో చిన్న చేపలూ అంతే. నీడ పడితే చాలు, అన్నీ ఒక్కసారే మళ్లుతాయి. పక్క చేప కదలికను కంటితో చూస్తాయి, ఒంటి పక్కనుండే పార్శ్వరేఖతో నీటి అదురును పసిగడతాయి. గుంపులో ఏ ఒక్కదాన్నీ గురిపెట్టడం కొంగకు కష్టం. గుంపే వాటికి కాపలా.

అందుకే తెలిసినవాళ్లు కనీసం ఆరింటిని కలిపి పెంచమంటారు. రెండడుగుల తొట్టి కావాలి. చేపల విసర్జనతో పుట్టే అమ్మోనియాను విరిచే సూక్ష్మజీవులు స్థిరపడడానికి నెల పైనే పట్టవచ్చు. కనుక ముందు తొట్టి, తర్వాతే చేప. వారం వారం కొంత నీరు మార్చాలి, కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోయాకే పోయాలి.

"మీరు చేపలు పట్టి తింటారు కదా, పెంచేవాళ్లను తప్పుపడతారా?" అని ఒక మిత్రుడు నిలదీశాడు. న్యాయమైన మాటే. వల వేసే చేతులు మావి. చంపడం చిన్న విషయమని మేం అనం. కానీ మేం తినే చేప పట్టుబడే రోజుదాకా తన నీళ్లలో, తన గుంపులో బతికింది. దాని చావుకు మేం బాధ్యులం. గిన్నెలో చేపకైతే బతుకంతటికీ మనదే బాధ్యత. నెత్తురు కనబడదు గనుక ఆ బరువు తెలియదు.

మాకది హాస్టల్లోనే తెలిసింది. చిన్నతనంలోనే ఇల్లు వదిలి వచ్చాం. వేళకు అన్నం పెట్టారు, బట్టలిచ్చారు, చదువు చెప్పారు. ఆ మేలు మరువం. అయినా మా భాష మాట్లాడే తోడు దొరికిన రోజే ఆ అన్నం సయించింది. పిల్లలూ చేపలూ ఒకటి కాదు. కానీ పోషించినంత మాత్రాన తోడిచ్చినట్టు కాదని ఆనాడే అర్థమైంది.

చేపను గెడ్డలో వదిలేద్దామన్నాం. మాస్టారు వద్దన్నారు. కొన్న చేపతో రోగాలు వాగుకు అంటుకోవచ్చు. తొట్టెల కోసం తెచ్చిన సక్కర్ చేపలు మన నదుల్లో చేరి జాలర్ల వలలు చింపుతున్నాయి కదా. తెచ్చాక వెనక్కి ఇవ్వలేం. చివరికి ఆయన పెద్ద తొట్టి సిద్ధం చేసి, మరో ఆరు చేపల్ని తెచ్చారు. కొన్నాళ్లకు మా చేప వాటితోపాటు పైకొచ్చి తిరగసాగింది.

ఇప్పుడు మాలో కొందరు టీచర్లు. బడిలో తొట్టి పెడదామని పిల్లలు అడిగితే వద్దనడం లేదు. ఒక చేపను తెచ్చే ముందు దాని తోడు సంగతి ఆలోచించారా అని మాత్రం అడుగుతున్నాం. హాస్టల్లో కొత్తగా చేరిన పిల్లవాణ్ణి చూసినప్పుడూ అదే అడుగుతున్నాం.