ప్రసూతి వ్యయము - సంఘ ధర్మము

పాలకురికి సోమనాథుడు బసవపురాణమున బెజ్జ మహాదేవి కథ చెప్పియున్నాడు. శివునకు తల్లి లేదే యని తల్లడిల్లి, తానే తల్లియై, స్వామిని పసిబిడ్డవలె సాకిన సాధ్వి ఆమె. ఆ మహాకవి పేరుతో ముడివడిన పాలకుర్తి నేటి జనగామ జిల్లాలోనిది. మాతృత్వమునకు ఇంతటి పీట వేసిన ఈ గడ్డపై నేడొక ప్రశ్న విచారింపదగియున్నది: ఆరోగ్యబీమా కంపెనీలు ప్రసూతి వ్యయమును కూడ తప్పక భరింపవలెనని శాసింపవచ్చునా?

నా పూర్వవిద్యార్థి యొకడు మహబూబాబాదులో ప్రైవేటు బడిలో ఉపాధ్యాయుడు. పెండ్లియైన యేడాది బీమా కాగితములు నాయొద్దకు తెచ్చి, "సార్, తీసుకొమ్మంటారా?" అని యడిగెను. ఆంగ్లమున చీమలబారువలె నున్న నిబంధనలను చదువకయే, "మంచిదే బిడ్డా, తీసుకో" అంటిని. అతడు మూడేండ్లు తప్పక ప్రీమియం కట్టెను. భార్యకు నెలలు నిండి, ఒక రాత్రి కాన్పు కష్టమై, వరంగల్లులోని యొక ప్రైవేటు ఆసుపత్రిలో శస్త్రచికిత్స చేయింపవలసివచ్చెను. తల్లీబిడ్డలు క్షేమము. కాని ప్రసూతి ఒప్పందములో లేదని కంపెనీ బిల్లును త్రిప్పిపంపెను. ఆమె మెడలోని బంగారము కుదువకు పోయెను. అతడు నన్నొక్క మాట యనలేదు. అదియే నాకు శిక్ష.

కంపెనీ అబద్ధమాడలేదు. ఒప్పందము ప్రకారమే నడచినది. కనుక విచారింపవలసినది ఆ నిబంధననే. 2020 ఏప్రిల్ 1 నుండి ఆరోగ్యబీమా కంపెనీలన్నియు అమ్మవలసినదిగా నిర్ణయింపబడిన 'ఆరోగ్య సంజీవని' పాలసీలో సైతము ప్రసూతి మినహాయింపుల పట్టికలోనే యున్నది. గర్భాశయము వెలుపల నిలిచిన గర్భమునకు మాత్రమే రక్షణ. అదే పట్టికలో మద్యపాన వ్యసనమునకు చికిత్స, వృత్తిగా సాహసక్రీడలాడువారి గాయములు కలవు. తల్లియగుట వాని సరసన చేరదగినదా?

ఎదుటివాదమును కూడ న్యాయముగా చెప్పవలెను. బీమా యనగా ఎప్పుడు వచ్చునో తెలియని ఆపదకు నలుగురు కూడి దాచుకొనిన నిధి. కాన్పు కోరి తెచ్చుకొనునది, ముందే తెలియునది. బిడ్డను కనదలచినవారే పాలసీ కొని, కాన్పు కాగానే మానివేతురు. భారము తక్కినవారిపై పడును. వృద్ధుడును అవివాహితయు ఏల చెల్లింపవలెను? ఇది తేలికగా త్రోసివేయదగిన వాదము కాదు.

అయినను ఆలోచింపుడు. గర్భము తెలిసి వచ్చును గాని, అధిక రక్తస్రావము, అడ్డము తిరిగిన శిశువు, హఠాత్తుగా పెరిగిన రక్తపోటు తెలిసి రావు. అవసరమున్నవారే కొందురను భయము, ప్రసూతిని కోరినవారికి మాత్రమే విడిగా అమ్ముటవలన కలిగినది. అన్ని పాలసీలలో చేర్చినచో భారము అందరిపై పలుచగా పరచుకొనును. కొన్ని నెలల నిరీక్షణ నియమము పెట్టినను తప్పులేదు. పురుషులకు మాత్రమే వచ్చు ప్రోస్టేటు వ్యాధికి ఆ నిధినుండి చికిత్స జరుగుటను స్త్రీలు ఆక్షేపించుట లేదు గదా! ఏల చెల్లింపవలెనను వృద్ధుడును ఒక తల్లి పురిటినొప్పులలో పుట్టినవాడే.

ఇది క్రొత్త ధర్మమును కాదు. 1948 నాటి ఉద్యోగుల రాజ్య బీమా చట్టము అనారోగ్యముతోపాటు ప్రసూతిని కూడ చేర్చెను. భూపాలపల్లి గని కార్మికుని కుటుంబమునకు సింగరేణి వైద్యము కలదు. ఆ వీధిలోని కిరాణాకొట్టు యజమానికి అట్టి ఆసరా లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మనోవ్యాధికి శరీరవ్యాధితో సమానముగా బీమా కల్పింపవలెనని శాసించినది. అమెరికాలో 2010 చట్టము ననుసరించి, 2014 నుండి వ్యక్తులు కొను క్రొత్త పాలసీలలో ప్రసూతి తప్పనిసరి యైనది.

ప్రభుత్వాసుపత్రి లేదా యని కొందరందురు. ఉన్నది. 2011 నాటి జననీ శిశు సురక్షా కార్యక్రమము క్రింద అచట కాన్పు ఉచితము. మహబూబాబాదులో 2022లోను, జనగామ, భూపాలపల్లులలో 2023లోను వైద్యకళాశాలలు వెలసినవి. వానిని బలపరుపవలసినదే. కాని సొమ్ము కట్టించుకొనినవాని బాధ్యత దానివలన తీరదు.

ఒక హెచ్చరిక మాత్రము అవసరము. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో 60.7 శాతము కాన్పులు శస్త్రచికిత్సతో జరిగినవి. ప్రైవేటు ఆసుపత్రులలో 81.5 శాతము. బీమా సొమ్ము కత్తికి మరింత పదును పెట్టరాదు. సహజప్రసవమునకును శస్త్రచికిత్సకును ఆసుపత్రికి సమానముగా చెల్లించు నియమముండవలెను.

జననసూతకము లేదని శరణులు చాటిరి. పుట్టుకను మైలగా నెంచి తల్లిని వెలుపల నుంచుటను వారు కాదనిరి. నేడు మైల మాట లేదు గాని, ఉమ్మడి నిధి వాకిట తల్లి వెలుపలనే నిలిచియున్నది. కాయకముచే నార్జించినది పదుగురితో పంచుకొనుట దాసోహమైనచో, ఆ పంపకములో మొదటి పాలు పురిటింటికి చెందవలదా? శాసనము వచ్చువరకు, కనీసము మనలో చదువుకొన్నవారము ఇరుగుపొరుగువారి పాలసీ కాగితమును సంతకమునకు ముందే చదివి చెప్పుదుము గాక. నేనా పని చేయనైతిని.