పాటకు ముందు మర్యాద

గల్ఫ్‌కు క్రైస్తవ పాటల బృందంతో వెళ్తున్నామంటే మా వడ్డేపల్లిలో అందరూ అడిగేది ఒక్కటే: "ముస్లింల దేశం గదా, అక్కడ మీ పాటలు పాడనిస్తరా?" కువైట్‌లో పాడనిస్తారు. ఎక్కడ పాడాలో, ఎంతవరకు పాడాలో తెలిసి పాడాలి, అంతే.

కువైట్ నగరంలోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి నిన్నమొన్నటిది కాదు. అమెరికాలో 1889లో మొదలైన అరేబియన్ మిషన్ నుంచే అది పుట్టింది. ఆ మిషన్ 1910ల్లో ఇక్కడ ఆసుపత్రి నడిపింది. ఆ ఆసుపత్రి భవనాలు నేడు 'అమెరికానీ' అన్న పేరుతో సాంస్కృతిక కేంద్రమయ్యాయి. ఇస్లామిక్ కళాసంపదను జనం అక్కడికి వెళ్లి చూస్తున్నారు. మిషన్ వాళ్లు కట్టిన గోడలను ఆ దేశం కూలగొట్టలేదు, ఆ పేరునూ చెరపలేదు. 1999లో ఆ చర్చికి పాస్టరుగా అభిషిక్తుడైన ఇమ్మానుయేల్ గరీబ్ కువైట్ పౌరుడే. నాకు ఇది చాలా పెద్ద సంగతి.

ఆ చర్చి ఆవరణ ఒక్కదానిలోనే అరబ్బీ, ఇంగ్లిష్, మలయాళం, తమిళం, తెలుగు... ఇంకా ఎన్నో భాషల సంఘాలు వంతులవారీగా ఆరాధన చేసుకుంటాయి. వారపు సెలవు శుక్రవారం కాబట్టి ఆ రోజే రద్దీ. మన దగ్గర కూటమి అంటే తెల్లవార్లూ మైకు. అక్కడ మన గంట ముగిసేసరికి తలుపు బయట పక్క సంఘం వాళ్లు కీబోర్డు సంచులు భుజాన వేసుకుని నిలబడి ఉంటారు. ఆఖరి చరణం పొడిగిస్తే వాళ్ల ప్రార్థనలో నుంచి నిమిషాలు కోసుకున్నట్టే. గోడకు అవతల తమిళుల ఆరాధన సాగుతుంటే డోలక్ వాయించే తమ్ముడు అరచేయి ఆనించి చప్పుడు అణచి వాయించాడు. బయట అజాన్ వినబడితే మా పెద్దాయన హార్మోనియం తిత్తి మూసి కాసేపు ఆగేవాడు. ఆగమని ఎవరూ చెప్పలేదు.

ఆ హాల్లో ఎక్కువమంది ఆడవాళ్లే. కడప, గోదావరి జిల్లాల నుంచి ఇళ్లల్లో పనికి వచ్చినవాళ్లు. వారానికి కొద్ది గంటల సెలవు, అదీ అందరికీ దొరకదు. ఒక అక్క ఫోను నిలబెట్టి, వీడియో కాల్‌లో ఊళ్లోని కూతురికి పల్లవి అందించింది. అక్కడ పిల్ల, ఇక్కడ తల్లి కలిసి పాడారు. ఇలాంటివాళ్లు కొత్త ఆల్బమ్ పాటలు అడగరు, పురుషోత్తమ చౌదరి నాటి పాత కీర్తనలే అడుగుతారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో చాలా కీర్తనలకు రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మెన్నోనైట్ బ్రదరెన్ సంఘాల్లో ఆ పుస్తకం పట్టుకుని పెరిగిన మాకు అవి నాలుక మీదే ఉన్నాయి. స్పీకర్లు, లైట్లు లేకపోయినా ఆ రోజు ఏ లోటూ రాలేదు.

గల్ఫ్ అంతా ఒకే తీరు అని మాత్రం అనుకోవద్దు. సౌదీ అరేబియాలో చర్చి కట్టడానికే అనుమతి లేదు. ఎమిరేట్స్‌లో చర్చిలున్నాయి, 2019లో పోప్ ఫ్రాన్సిస్ అబూధాబీలో బహిరంగంగా పూజ చేశారు. అయినా అనుమతి లేకుండా చందా వసూలు చేస్తే అక్కడ నేరం. ముస్లింలకు మతప్రచారం చేయడాన్ని గల్ఫ్ దేశాలు ఒప్పుకోవు. దేవుని పని మీద వచ్చాం, మనకేం అడ్డు అనుకునే బృందాలున్నాయి. వాళ్లు విమానమెక్కి వెళ్లిపోతారు. ఇబ్బంది పడేది ఆహ్వానించిన సంఘం, అక్కడి ఉద్యోగం మీదే బతికే మనుషులు. ఆ బృందాల తీరును భక్తి అని నేను ఒప్పుకోను.

మా పాలమూరు వాళ్లకు ఈ మర్యాద కొత్తగా నేర్పక్కరలేదు. మా అలంపురంలో జోగులాంబ ఆలయాల పక్కనే షా అలీ పహిల్వాన్ దర్గా ఉంది. పీర్ల పండుగ వస్తే మతం చూడకుండా ఊరంతా కదులుతుంది. మన నమ్మకాన్ని వదులుకోకుండానే పక్కవాడి నమ్మకానికి దారి ఇవ్వడం మా తాతలకు తెలుసు. ఈమధ్య మనమే మరుస్తున్నాం. కువైట్‌లో తక్కువమందిగా ఉండి పాడుకోవడానికి చోటు అడిగిన మనం, ఇంట్లో మన కంటే తక్కువమంది ఉన్నవాళ్లకు ఆ చోటు ఇస్తున్నామా?

ఈ సంచిక చదువుతున్న గల్ఫ్ సంఘాల పెద్దలకు ఒక విన్నపం. ఊరి నుంచి బృందాన్ని పిలిచే ముందు వీసా, కార్యక్రమ అనుమతి, చందాల నియమాలు కాగితం మీద రాసి పంపండి. సెలవు దొరకని అక్కలకు వీలయ్యే వేళనే పాటలు పెట్టండి. పాడటానికి వెళ్లే అన్నలారా, తమ్ములారా, పాత కీర్తనల పుస్తకం తప్పక తీసుకెళ్లండి.