భయము అవిశ్వాసమా?

ఉన్నట్టుండి గుండె దడదడలాడి, ఊపిరాడక, ప్రాణము పోతుందేమోనని వణికిపోయేవారు మన సంఘములలోనూ ఉన్నారు. దీనిని పానిక్ ఎటాక్ అంటారు. "విశ్వాసము చాలలేదు" అని మనము తేలికగా అనేస్తాము. అది న్యాయమేనా?

మెదడులో సెరటోనిన్, గాబా వంటి రసాయనములు అందరిలో ఒకేలా పనిచేయవు. 2001లో కుటుంబ, కవల పరిశీలనలను కలిపి చూచిన పరిశోధకులు, ఈ జబ్బు విషయములో మనుష్యుల మధ్య తేడాకు సుమారు 40 శాతము జన్యువులే కారణమని లెక్కకట్టారు. మిగిలినది జీవితములోని అనుభవములది. ఏ ఒక్క జన్యువూ దీనిని నిర్ణయించదు.

అయితే ఈ తెలివి మరొక నిందగా మారకూడదు. కీల్పాక్ ఆసుపత్రి పేరునే వెక్కిరింతగా వాడిన ఊరు మనది. కోడంబాక్కంలో స్థిరపడిన మనము కూడా "వాళ్ల వంశములోనే ఉంది" అని పెండ్లి సంబంధము తప్పిస్తే, పాత నిందకు కొత్త పేరు పెట్టినట్టే. వంశము మొగ్గును ఇస్తుంది గాని తీర్పు చెప్పదు.

షుగరుకు మాత్ర వేసుకొనేవారిని మనము అవిశ్వాసులనము. దీనికీ మందులున్నాయి, మాటలతో చేసే చికిత్స ఉంది, చాలామందికి గుణమిస్తున్నాయి. కనుక బాధపడేవారి కొరకు ప్రార్థించుదాము. డాక్టరు దగ్గరకు తోడుగా కూడా వెళ్లుదాము.