చెయ్యి పెట్టే ముందు

రాజమహేంద్రవరం

చిరంజీవి మనవడికి,

నీ ఉత్తరం అందింది. మెటల్ డిటెక్టరు కొన్నావనీ, సెలవు రోజుల్లో పార్కుల్లో, బస్టాపుల్లో జారిపోయిన బిళ్ళలు వెతుకుతున్నావనీ చదివి సంతోషించాను. మీ నాన్న దీన్ని పనికిమాలిన పని అంటున్నాడు. నాకలా అనిపించలేదు. టీ బండి ముందు, టికెట్ కౌంటరు కింద, జనం తొందరపడే ప్రతిచోటా చిల్లర జారుతుందని నువ్వే కనిపెట్టావు. నేల చూసి నడిచేవాడికి ఊరు బాగా తెలుస్తుంది.

నేను చెప్పేది ఒక్కటే. చెయ్యి పెట్టే ముందు, ఆ నాణెం అక్కడ ఎవరి కోసం ఉందో ఆలోచించు.

రోడ్డు మీద పడ్డ ఒంటి రూపాయి ఎవరిదో తేల్చడం ఎవరి వల్లా కాదు, తీసుకో. అదే రుమాలు కొసన ముడివేసిన చిల్లర దొరికితే, అది ఎవరో ఇంటికెళ్ళే బస్సు చార్జీ కావచ్చు. పక్క కొట్టువాడికి చెప్పి కాసేపు అక్కడే ఉండు. దొరికిన సొత్తును తన దగ్గర ఉంచుకున్నవాడు దాన్ని జాగ్రత్తగా కాపాడాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే చెబుతోంది.

సంక్రాంతికి వచ్చి ఇక్కడి రేవుల్లో వెతుకుతానన్నావు. అది వద్దు నాయనా. రైలు వంతెన ఎక్కగానే జనం గోదారమ్మకు దణ్ణం పెట్టి బిళ్ళ విసురుతారు. అది పోగొట్టుకున్న డబ్బు కాదు, ఇచ్చింది. ఇచ్చిన దాన్ని తీసుకునేవాళ్ళు కూడా ఉన్నారు. పాత స్పీకర్లలోంచి తీసిన అయస్కాంతానికి తాడు కట్టి, నీళ్ళలోకి విసిరి, అడుగునే ఈడ్చి పైకి లాగుతారు. మేకులు, పిన్నీసులు, తుప్పు ముక్కలు గుత్తిగా వస్తాయి. వాటి మధ్య రూపాయి, రెండు రూపాయల స్టీలు బిళ్ళలు. ఒక్కొక్కటే వేళ్ళతో ఒలిచి డబ్బాలో వేసుకుంటారు. పసుపురంగు ఐదు రూపాయల బిళ్ళలో ఇనుము ఉండదు, అయస్కాంతానికి అంటదు. దాని కోసం మునగాల్సిందే. చలికాలం పొద్దున్నే వణుకుతూ మునిగే కుర్రాళ్ళని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. నీ డిటెక్టరు ఇనుము లేనిదాన్ని కూడా పట్టేస్తుంది. నీకది సరదా, వాళ్ళకు ఆ పూట బియ్యం. నువ్వు వాళ్ళతో పోటీకి దిగకూడదు.

ఇక మీ అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో పాటిదిబ్బ మీద, అంటే పాడుబడ్డ పాత ఊరి దిబ్బ మీద, వెతకాలన్న నీ ఆలోచన సంగతి. దీని గురించే నాకు ఎక్కువ దిగులు.

ఇదే గోదావరి ఒడ్డున, ఎగువన, జగిత్యాల జిల్లాలో అలాంటి పాత ఊరే కోటిలింగాల ఉంది. అక్కడ దొరికిన పాత నాణేలను ధర్మపురి వాస్తవ్యులు సంగనభట్ల నరహరిశర్మ గారు సేకరించి, శాసన పరిశోధకులు పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారి దృష్టికి తెచ్చారు. కొన్నిటి మీద శాతవాహన వంశానికి మూలపురుషుడైన చిముకుడి పేరుంది. గోబద, నారన, కంవాయ, సమగోప అనే ఇంకా పాత రాజుల పేర్లు కూడా బయటపడ్డాయి. తెలుగు నేల చరిత్ర ఆ చిన్న బిళ్ళల వల్ల వెనక్కి జరిగింది. వెతకడం తప్పయితే నరహరిశర్మ గారిని మనం తలుచుకునేవాళ్ళమే కాదు. అవి ఏ ఊరివో తెలిసి, చదవగలిగినవాళ్ళ చేతికి చేరాయి కాబట్టే నోరు విప్పాయి. అదే నాణెం ఎక్కడిదో తెలియకుండా అంగట్లో అమ్ముడుపోతే, అది లోహం ముక్క. నువ్వు మోజుకొద్దీ దిబ్బను గుంటలు గుంటలుగా తవ్వితే, ఏ పొరలో ఏముందో రేపు వచ్చేవాడికి తెలిసే దారి ఉండదు. మట్టిని మళ్ళీ పూడ్చవచ్చు గానీ, పొరలను తిరిగి పేర్చలేం.

చట్టం కూడా తెలుసుకో. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం, భూమిలో దాగి ఉన్నదేదైనా పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. దాచిపెడితే జైలు శిక్ష కూడా ఉంది. రక్షిత కట్టడాల ఆవరణలో అనుమతి లేని తవ్వకం అసలే కూడదు.

వానకు మన్ను కరిగి దిబ్బ మీద ఏదైనా పైకి తేలి కనిపిస్తే, కదపకుండా ఫొటో తీసి, చోటు గుర్తుపెట్టుకుని తహసీల్దారుకు కబురు చెయ్యి. చింతపండు పెట్టి తోమకు, మీద ఉన్న అక్షరం అరిగిపోతుంది.

పండక్కి తప్పకుండా రా. డిటెక్టరు మీ ఇంట్లోనే ఉంచి, ఒక నోటుపుస్తకం, భూతద్దం తెచ్చుకో. ఇక్కడి రాళ్ళబండి సుబ్బారావు మ్యూజియానికి తీసుకెళ్తాను. పాత నాణేల మీద అక్షరాలు ఎలా చదువుతారో అక్కడివాళ్ళనే అడుగుదాం. మీ నాన్నకు నేను నచ్చజెబుతాను.

ఆశీస్సులతో,
తాతయ్య